కోత పడిన కాన్పు, చిరిగిన కాన్పు

తొలి కాన్పులో బిడ్డ బయటికి రావడానికి యోని ద్వారం దగ్గర నాకు కత్తెరతో కోత పెట్టారు. మలి కాన్పులో ఆ చోటు దానంతటదే చిరిగింది. రెండుసార్లూ కుట్లు పడ్డాయి, రెండూ మానాయి. అయితే కోత నొప్పి మూడు వారాలు వదల్లేదు, చిరుగు నొప్పి పది రోజుల్లో తగ్గింది. ఈ తేడా ఎందుకొస్తుందో కాన్పుకు ముందే తెలిసుంటే అడగాల్సినవి అడిగేదాన్ని. అందుకే కడుపుతో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

యోని ద్వారానికీ మలద్వారానికీ మధ్యనున్న కాస్త జాగానే పెరీనియం అంటారు. మామూలప్పుడు మూడు నాలుగు సెంటీమీటర్లుంటుంది. బిడ్డ తల దిగేటప్పుడు అది బాగా సాగి పల్చబడిపోతుంది. చర్మం కింద చాలా కండరాలు అక్కడికొచ్చి ఒక్క ముడిలా కలుస్తాయి. ఆ ముడికి వెనకే మలద్వారాన్ని బిగించే కండరం ఉంటుంది. డాక్టర్ల దిగులంతా ఈ వెనక కండరం గురించే. అది తెగితే గాలినీ మలాన్నీ ఆపుకునే పట్టు పోవచ్చు.

చిరుగు ఎంత లోతుకు పోయిందో డిగ్రీల్లో చెబుతారు. మొదటి డిగ్రీలో చర్మం, యోని లోపలి పొర మాత్రమే చిరుగుతాయి. రక్తం ఆగిపోయి అంచులు దగ్గరగా ఉంటే చాలాసార్లు కుట్టు కూడా అక్కర్లేదు. రెండో డిగ్రీలో పెరీనియం కండరాలు చిరుగుతాయి, వెనక కండరానికి ఏమీ కాదు. వెనక కండరం దెబ్బతింటే మూడో డిగ్రీ. ఆ కండరంలో బయటొకటి, లోపలొకటి రెండు వలయాలుంటాయి. బయటి వలయం మందంలో సగం లోపు తెగితే 3ఏ, సగం దాటితే 3బి, లోపలి వలయం కూడా తెగితే 3సి అని రాస్తారు. పేగు లోపలి పొర కూడా చిరిగితే నాలుగో డిగ్రీ. బ్రిటన్ లెక్కల ప్రకారం తొలి కాన్పుల్లో వందకు ఆరుగురికి మూడో డిగ్రీయో నాలుగో డిగ్రీయో అవుతుంది. తర్వాతి కాన్పుల్లో అది సుమారు ఇద్దరికి తగ్గుతుంది.

ఎపిసియోటమీ అంటే కత్తెరతో చర్మాన్నీ కండరాన్నీ కలిపి కోయడం. అంటే కోత పడ్డ క్షణానే అది రెండో డిగ్రీ గాయంతో సమానం. తనంతట తాను చిరిగితే మొదటి డిగ్రీతోనే ఆగిపోయే వీలుంది, అసలు చిరగకపోయే వీలూ ఉంది. "కోస్తే నీటుగా మానుతుంది, చిరిగితే అడ్డదిడ్డంగా పోతుంది" అని గర్భిణులకు ఇప్పటికీ చెబుతుంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, అందరికీ కోత పెట్టడమా, అవసరమైనవాళ్లకే పెట్టడమా అని పోల్చి చూసిన ట్రయల్స్ దీన్ని సమర్థించలేదు. వాటన్నిటినీ కలిపి 2017లో వచ్చిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే సంస్థ) సమీక్షలో, అవసరమైతేనే కోసిన గుంపులో పెద్ద చిరుగులు సుమారు 30 శాతం తక్కువగా తేలాయి. మామూలు కాన్పులో అలవాటుగా కోత పెట్టడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా రాసింది.

అలాగని కోత ఎప్పుడూ తప్పేనని అనుకోవద్దు. తొలి కాన్పులో నాకు పెట్టిన కోత అవసరమైనదే. బిడ్డ గుండె వేగం పడిపోయి తేరుకోవడం లేదు, తలకు గిన్నె అతికించి లాగే వాక్యూమ్ పెట్టాల్సి వచ్చింది. ఫోర్‌సెప్స్ (తలను పట్టి లాగే పటకారు) వాడాల్సి వచ్చినా, ముఖ్యంగా తొలి కాన్పులో, కోతతో వెనక కండరానికి రక్షణ దొరుకుతుంది. భుజం ఇరుక్కుంటే డాక్టరు చెయ్యి లోపలికి పోవడానికి చోటు కావాలి, అప్పుడూ కోస్తారు. కోత భుజాన్ని విడిపించదు, చేతికి దారి ఇస్తుంది, అంతే. నా బాధల్లా కోత పెట్టినందుకు కాదు, ఎందుకు పెడుతున్నారో ఒక్క మాటైనా చెప్పనందుకు. బిడ్డ గుండె తగ్గుతోందమ్మా, కోయాలి అనడానికి రెండు సెకన్లు చాలు. కాబట్టి ముందుగానే, నొప్పులు రాకముందే, మీ డాక్టరు గారిని అడిగి పెట్టుకోండి: ఏ పరిస్థితిలో కోస్తారు, ఏ కోణంలో కోస్తారు, నాకు చెప్పి కోస్తారా అని.

కోణం అడగమన్నది ఊరికే కాదు. యోని నుంచి నిలువుగా, సూటిగా మలద్వారం వైపు కోస్తే కుట్టడం తేలికే, కానీ కోత ఏ మాత్రం పొడుగు సాగినా నేరుగా వెనక కండరంలోకే పోతుంది. అందుకని పక్కకు వాలుగా కోస్తారు. తల ఒత్తిడికి పెరీనియం ఉబ్బి ఉన్నప్పుడు మధ్య గీతకు 60 డిగ్రీల కోణంలో కత్తెర పెట్టాలి. బిడ్డ బయటికొచ్చి ఆ చోటు మామూలుగా కుదించుకున్నాక అదే కోత 45 డిగ్రీల దగ్గరకు వస్తుంది. ఉబ్బి ఉన్నప్పుడే 45 అనుకుని కోస్తే చివరికి అది వెనక కండరానికి మరీ దగ్గరైపోతుంది. ముందుగానే కోసినా తప్పే. తల ఇంకా పైనుండగా కోస్తే రక్తం ఎక్కువ పోతుంది. కొయ్యకముందు తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, మందు ఎక్కడానికి రెండు మూడు నిమిషాలు ఆగి, చర్మాన్ని గిల్లి చూడాలి.

ఇక కాపాడుకునే పనుల సంగతి. 34, 35 వారాల నుంచి పెరీనియం మసాజ్ చేసుకోవచ్చు. చేతులు కడుక్కుని, గోళ్లు కత్తిరించుకుని, వాసన లేని నూనె బొటనవేళ్లకు రాసుకోవాలి. వాటిని మూడు నాలుగు సెంటీమీటర్లు లోపలికి పోనిచ్చి, కిందికి మలద్వారం వైపు నొక్కాలి. చిన్నగా మంట తెలిసేదాకా నొక్కి, అలాగే ఓ నిమిషం పట్టి ఉంచాలి. ఆ తర్వాత రెండు పక్కలకూ, సున్నాలో కింది సగం గీసినట్టు మెల్లగా తిప్పాలి. మూత్రం వచ్చే పైవైపు ఒత్తకూడదు. ఐదు నుంచి పది నిమిషాలు, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. ఎక్కువ చేస్తే ఎక్కువ లాభం లేదు. మాయ కిందికి ఉన్నా, రక్తం కనబడినా, ఉమ్మనీరు పోతున్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా అసలు చేయకూడదు. తొలి కాన్పువాళ్లలో సుమారు 15 మంది చేస్తే ఒకరికి కుట్లు తప్పుతాయి. పెద్ద లాభమేమీ కాదు, కానీ ఖర్చు లేని పని. ఆ మంటకు అలవాటుపడితే తల వచ్చేటప్పుడు బెదిరిపోకుండా ఉంటామన్నది నా అనుభవం.

లేబర్ రూమ్‌లో వెచ్చని కాపడం బాగా పనిచేస్తుంది. శుభ్రమైన గుడ్డను వేడినీళ్లలో ముంచి, పిండి, చేతి మీద చూసుకుని, ముక్కే సమయంలో నొప్పి వచ్చినప్పుడల్లా పెరీనియం మీద ఆనించి పట్టుకుంటారు. మూడు, నాలుగో డిగ్రీ చిరుగులు దీనితో తగ్గుతాయని ట్రయల్స్‌లో తేలింది. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మందు) తీసుకున్నవాళ్లకు వేడి తెలియదు, కాబట్టి గుడ్డ పెట్టే మనిషే ప్రతిసారీ తన చేతి మీద చూసుకోవాలి.

అన్నిటికంటే విలువైనవి మాత్రం తల బయటపడే ఆ చివరి రెండు మూడు నిమిషాలు. చుట్టూ నిప్పు పెట్టినట్టు మంట. ఒంట్లో ప్రతి నరమూ ముక్కెయ్యమనే అంటుంది. మలి కాన్పులో నేను పక్కకు తిరిగి పడుకుని ఉన్నాను. సిస్టర్ గారు ఒక చేత్తో తల వేగాన్ని ఆపుతూ, ఇంకో చేతి బొటనవేలినీ చూపుడువేలినీ రెండు పక్కలా ఆనించి చర్మాన్ని మధ్యకు తెచ్చి పట్టుకున్నారు. "ముక్కొద్దమ్మా, నోరు తెరిచి ఊదు. హా, హా... ఇప్పుడు కొంచెం, కొంచెమే" అన్నారు. నొప్పికీ నొప్పికీ మధ్య తల మెల్లగా జారింది. గట్టిగా ముక్కించడం, పొట్ట మీద నొక్కడం దీనికి పూర్తి విరుద్ధం. అప్పుడు తల దూకినట్టు వస్తుంది, సాగడానికి వ్యవధి లేక కండరం చిరుగుతుంది. పొట్ట మీద నొక్కి బిడ్డను తోయడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. తల వచ్చాక అయిపోయిందనుకోకూడదు, భుజాలతోనూ చిరగొచ్చు.

అంత చేసినా నాకు పాత కోత మచ్చ వెంబడే చిన్న రెండో డిగ్రీ చిరుగు పడింది. నాలుగు కిలోలు దాటిన బిడ్డ, ముఖం పైకి తిరిగి దిగే తల, ఫోర్‌సెప్స్, తొలి కాన్పు లాంటివి మన చేతుల్లో ఉండవు. చిరిగినవాళ్లు తాము సరిగ్గా ముక్కలేదేమోనని కుమిలిపోవద్దు.

కుట్టే ముందు మలద్వారంలో వేలు పెట్టి చూస్తారు. ఇబ్బందిగా ఉంటుంది, అయినా వద్దనకండి. వెనక కండరం తెగిందా లేదా తేలేది అక్కడే. అది చూడక మూడో డిగ్రీని రెండో డిగ్రీగా కుట్టేస్తే నెలల తర్వాత గాలి ఆగడం లేదని తెలుస్తుంది. లోపలి చిరుగు కొసకు కాస్త పై నుంచే మొదటి కుట్టు పడాలి, లేదంటే అక్కడ తెగిన రక్తనాళం లోపలే కారుతుంది. త్వరగా కరిగే పాలీగ్లాక్టిన్ దారంతో ఒకే వరసగా కుడితే, విడివిడి ముడుల కంటే నొప్పి తక్కువ. కుట్టేటప్పుడు సూది తెలుస్తుంటే పళ్లు బిగబట్టి ఓర్చుకోవద్దు, ఇంకాస్త మందు ఇమ్మనండి. బిగుతు కోసమని ఒక కుట్టు అదనంగా వేయించుకోవడం ఎవరికీ మంచిది కాదు, తర్వాత కలయికలో నొప్పికి అదే కారణమవుతుంది. మూడు, నాలుగో డిగ్రీలైతే ఆపరేషన్ థియేటర్‌లో, నడుము ఇంజెక్షన్ ఇచ్చి కుట్టాలి. యాంటీబయాటిక్, విరేచనం మెత్తబడే మందు తప్పనిసరిగా ఇస్తారు.

మొదటి రెండు మూడు రోజులు ఐస్‌ను గుడ్డలో చుట్టి పది నుంచి ఇరవై నిమిషాలు పెట్టుకుంటే వాపు తగ్గుతుంది. నేరుగా పెడితే చర్మం కాలుతుంది. పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు దాటకుండా వేసుకున్నాను. అల్సర్, ఆస్తమా, కిడ్నీ జబ్బు లేనివాళ్లకు ఐబుప్రోఫెన్ కూడా ఇస్తారు. ఈ రెండూ పాలిచ్చే తల్లులకు ఫరవాలేదు. కోడీన్ మాత్రం పాలలోకి పోతుంది, వద్దు. మూత్రం పోసేటప్పుడు గోరువెచ్చని నీళ్లు పైనుంచి పోసుకుంటే మంట తెలియదు. కాన్పు తర్వాత ఆరు గంటల్లోపు మూత్రం రాకపోతే చెప్పాలి. ప్యాడ్ మార్చినప్పుడల్లా ఉత్త నీళ్లతో కడిగి, ముందు నుంచి వెనక్కి అద్ది తుడవాలి. డెటాల్ లాంటివి పుండును మండిస్తాయి తప్ప మాన్పవు. మధ్యలో రంధ్రమున్న గుండ్రటి దిండు మీద కూర్చోవద్దు, వాపు కిందికి దిగుతుంది.

అందరూ భయపడేది మొదటి విరేచనానికి. కుట్లు ఊడిపోతాయేమోనని నేను మూడు రోజులు బిగబట్టాను. అదే తప్పు. గట్టిపడినకొద్దీ నొప్పి పెరుగుతుంది. విరేచనంతో కుట్లు ఊడవు. విరేచనం మెత్తబడే లాక్టులోజ్ మందు 15 మిల్లీలీటర్లు రోజుకు రెండుసార్లు ఇచ్చారు. కాళ్ల కింద చిన్న పీట పెట్టుకుని, ముందుకు వంగి, శుభ్రమైన ప్యాడ్‌ను కుట్ల మీద అదిమి పట్టుకుంటే లాగినట్టుండదు.

పన్నెండో రోజున ప్యాడ్ మీద తెల్లటి దారం ముక్క కనిపించింది, చివర చిన్న ముడితో. కుట్టు ఊడిందనుకుని గుండె జారింది. అది మామూలే. ఆ దారానికి పట్టు పది, పద్నాలుగు రోజులే ఉంటుంది, ఆరు వారాల్లో పూర్తిగా కరుగుతుంది. కాన్పైన గంటల్లోనే నొప్పి పెరుగుతూ పోయి, విరేచనం వస్తున్నట్టు ఒత్తిడి ఉంటే మాత్రం లోపల రక్తం గడ్డ కడుతోందేమో, వెంటనే పిలవాలి. చీము, దుర్వాసన, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, తగ్గాల్సిన నొప్పి పెరగడం ఇన్‌ఫెక్షన్ గుర్తులు. అంచులు విడిపోతే చాలాసార్లు మళ్లీ కుట్టకుండా అడుగు నుంచి పూడనిస్తారు. వారాలు పడుతుంది, కానీ పూడుతుంది.

మూత్రం సరిగ్గా పోస్తుంటే ఒకటి రెండు రోజుల్లోనే కటి కండరాల వ్యాయామం మొదలుపెట్టొచ్చు. గాలి ఆపుకున్నట్టు లోపలికి బిగించి, ఊపిరి బిగబట్టకుండా, మొదట రెండు మూడు సెకన్లు, పోనుపోను పది సెకన్లు. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజన్ హార్మోన్ తక్కువ కాబట్టి యోని పొడిబారుతుంది. గాయం మానినా కలయికలో మంటగా ఉండేది అందుకే, నీటి ఆధారిత జెల్ వాడితే సర్దుకుంటుంది.

ఆరు వారాల చెకప్‌లో గాలి ఆగకపోయినా, ప్యాంటీకి మరక అవుతున్నా సిగ్గుపడకుండా ఆ మాటల్లోనే చెప్పండి. అడగకపోతే చాలామంది చెప్పరు, చెబితే ఫిజియోథెరపీ ఉంది, స్కాన్ ఉంది. ఎన్నో డిగ్రీ, కోత ఏ పక్కన, ఎక్కడ కుట్టారు అన్నవి డిశ్చార్జ్ కాగితంలో రాయించుకుని దాచండి. రెండోసారి నా దగ్గర ఆ కాగితం ఉండబట్టే, పాత మచ్చ ఎటు ఉందో చూసి సిస్టర్ గారు వేళ్లు అటు ఆనించగలిగారు.