వారానికో చీట్ డే పెట్టుకుని బరువు తగ్గడం: నా అనుభవం

ఆరు రోజులు కట్టుదిట్టంగా తిని ఆదివారం మాత్రం ఇష్టమొచ్చినట్టు తింటే బరువు తగ్గుతామా, ఉన్నచోటే ఆగిపోతామా అని ఈ మధ్య ఆఫీసులోనూ చుట్టాల్లోనూ నన్ను చాలామంది అడుగుతున్నారు. నా సంగతి చెప్తాను. ఆదివారం రోజంతా ఇష్టంగా తిన్నన్నాళ్ళూ బరువు దాదాపు కదల్లేదు, అదే ఆదివారాన్ని ఒక్క పూటకి కుదించాక మళ్ళీ తగ్గడం మొదలైంది. ఎందుకలా అయిందో లెక్కలతో సహా రాస్తున్నాను. ఈ లెక్క తెలియక, సోమవారం పొద్దున వెయింగ్ మెషిన్ చూసి బెంబేలెత్తి డైట్ మానేసినవాళ్ళు నాకు తెలుసు, అలా ఇంకొకరు మానేయకూడదనే ఇదంతా.

నాకు 38 ఏళ్ళు, ఎత్తు 160 సెంటీమీటర్లు, మొదలుపెట్టినప్పుడు బరువు 74 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, చూస్తే 29కి దగ్గరగా ఉంది. మన భారతీయులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం కింద లెక్క. బరువు కన్నా నన్ను భయపెట్టింది గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు. హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ అంటారు. మా నాన్నకి షుగర్, ఆయన కాలి పుండు మానడానికి పడ్డ అవస్థ దగ్గరుండి చూసినదాన్ని. డాక్టరు మందేమీ రాయలేదు, ముందు బరువులో 7 శాతం తగ్గించండి, వారానికి కనీసం 150 నిమిషాలు నడవండి అన్నారు. ఆ రెండు అంకెలూ ఎక్కడివా అని చూస్తే, అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం అని పెద్ద అధ్యయనం ఉంది, 2002లో ఫలితాలు వచ్చాయి. ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్ళు ఈ రెండూ లక్ష్యంగా పెట్టుకుంటే షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గిందట. 74లో 7 శాతం అంటే ఐదు కిలోల పైచిలుకు. అంతేకదా, చేసేద్దాం అనుకున్నా.

మామూలు రోజుల తిండి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పొద్దున రెండు గుడ్లు, ఇడ్లీ లేదా పెసరట్టు, మధ్యాహ్నం డబ్బాలో జొన్నరొట్టె, పప్పు, కూర, పెరుగు, రాత్రి కొంచెం అన్నం, ఎక్కువ కూర. ఎర్రగడ్డ రైతు బజార్ మాకు దగ్గరే కాబట్టి కూరగాయలకి లోటు లేదు. మూసాపేటలో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగాల్సినదాన్ని ఒక స్టేషన్ ముందే ఖైరతాబాద్‌లో దిగి ఆఫీసుకి నడిచేదాన్ని. అలా రోజుకి 1,500 క్యాలరీలకి అటూ ఇటూగా తింటున్నా. నా వయసుకీ బరువుకీ నడకకీ రోజుకి సుమారు 1,950 ఖర్చవుతుంది, అంటే రోజుకి 450 లోటు, ఆరు రోజులకి 2,700.

ఇక ఆదివారం. మా అన్న జిమ్‌కి వెళ్తాడు, అక్కడి ట్రైనర్ చెప్పాడని ఆదివారం చీట్ డే పెట్టుకోమన్నది అన్నే. ఆరు రోజులు తక్కువ తింటే మెటబాలిజం, అంటే ఒళ్ళు క్యాలరీలు ఖర్చుచేసే వేగం, నిద్రపోతుందట, ఏడో రోజు బాగా తింటే మేలుకుంటుందట. నేను ఒప్పుకున్నది మాత్రం దానికోసం కాదు. ఆదివారం మా ఇంట్లో అత్తమ్మ బిర్యానీ చేస్తుంది, ఆడపడుచు వాళ్ళు వస్తారు, ఆ రోజు నా ఒక్కదానికి జొన్నరొట్టె వేసుకుని పక్కన కూర్చోవడం నాకిష్టం లేదు. ఆ ఒక్కరోజు లేకపోతే మిగతా ఆరు రోజులు నెట్టుకురాగలనన్న నమ్మకమూ లేదు.

మొదటి కొన్ని వారాలు బరువు బాగానే దిగింది, ఎవరికైనా మొదట్లో దిగుతుంది, అందులో చాలాభాగం నీరే. తర్వాత ఆగింది. వారం రోజులు కడుపు కట్టుకుంటే మళ్ళీ శనివారానికి అదే అంకె. నేను ఆడిటర్ ఆఫీసులో అకౌంట్లు చూస్తాను, లెక్క తేలకపోతే నాకు నిద్రపట్టదు. అందుకని ఒక ఆదివారం అత్తమ్మని అడిగి బిర్యానీలో పడేవన్నీ కిచెన్ కాంటా మీద తూచాను. కిలో బాస్మతి, అదొక్కటే 3,500 క్యాలరీలు. కిలో చికెన్ 1,100 దాకా. ఉల్లిపాయలు వేయించడానికి కొలిచి పోసిన నూనె, వేగాక గిన్నెలో మిగిలిన నూనె రెండూ కొలిచి తీసేస్తే 150 మిల్లీలీటర్లు బిర్యానీలోకే పోయింది, అది 1,200 పైనే. దమ్ పెట్టేముందు చుట్టూ పోసే నెయ్యి 50 గ్రాములు, 450. పెరుగూ పాలూ మిగతావీ కలిపి ఇంకో 250. మొత్తం 6,500, ఆరుగురం తిన్నాం, మనిషికి సుమారు 1,100. సాలన్ వేరే, పల్లీలు, నువ్వులు, కొబ్బరి, పైన తేలే నూనె. అత్తమ్మ నా వెనకే నిలబడి చూస్తూ, "ఇట్ల తూకమేసి తింటే ఒంటికి పడుతదా బిడ్డా" అంది. కోపంతో కాదు, నిజంగానే దిగులుపడి.

బిర్యానీ ఒక్కటే అయితే ఫర్వాలేదు. పొద్దున టిఫిన్ సెంటర్ నుంచి నెయ్యి కారం దోసెలు రెండు, అల్లం చట్నీ పల్లీ చట్నీతో 700. మధ్యాహ్నం బిర్యానీ మారు వడ్డించుకుంటే సాలన్‌తో కలిపి 1,500, దాంతోపాటు కూల్‌డ్రింక్ 130, ఆ 300 మిల్లీలీటర్లలో 30 గ్రాములకి పైగా చక్కెర ఉంటుంది. డబుల్ కా మీఠా 400. సాయంత్రం మిర్చి బజ్జీలు, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు కలిపి 700. రాత్రికి మిగిలిన బిర్యానీ పారేయలేం కదా, 600. కలిపితే 4,000 దాటింది. అంటే ఆ రోజు ఖర్చు తీసేస్తే 2,000 పైన మిగులు. వారమంతా కూడబెట్టిన లోటు 2,700లో మిగిలింది 700 లోపే. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 లోటు కావాలి, ఈ లెక్కన నేను వారానికి 90 గ్రాముల లోపే తగ్గుతున్నా. మెషిన్ మీద అది ఎక్కడ కనపడుతుంది?

ఇక్కడే ఇంకో సంగతి, దీని గురించే జనం ఎక్కువ టెన్షన్ పడతారు. ఆదివారం తిన్నాక సోమవారం పొద్దున నా బరువు కిలోన్నర, ఒక్కోసారి రెండు కిలోలు పెరిగేది. అది కొవ్వు కాదు, అయ్యే అవకాశమూ లేదు. రెండు కిలోల కొవ్వు పెరగాలంటే ఖర్చుకి మించి 15,000 క్యాలరీలు పైగా తినాలి, ఒక్కరోజులో ఏ మనిషీ తినలేడు. జరిగేదేమిటంటే, అన్నం, మైదా, చక్కెర ఎక్కువ తిన్నప్పుడు ఒంట్లో ఖాళీ అయిన గ్లైకోజెన్, అంటే కండరాల్లో, కాలేయంలో ఉండే పిండిపదార్థపు నిల్వ, మళ్ళీ నిండుతుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తోపాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. దానికి తోడు బిర్యానీ, సాలన్, బజ్జీల్లో ఉప్పు. రోజుకి 5 గ్రాములకి మించొద్దని చెప్పే ఉప్పు ఆ రోజు ఎంత పోతుందో ఊహించుకోండి, ఆ ఉప్పు కూడా నీటిని పట్టి ఉంచుతుంది. పేగుల్లో ఇంకా అరగని తిండి బరువు సరేసరి. మామూలు తిండికి వచ్చేస్తే బుధవారానికో గురువారానికో అదంతా దిగిపోతుంది.

మా ఆఫీసులో ఒకమ్మాయి ఇది తెలియక సోమవారం అంకె చూసి ఏడ్చేసింది. ఆ రోజంతా మంచినీళ్ళు, బ్లాక్ కాఫీతో గడిపి, సాయంత్రం ఆఫీసు కింద బండి దగ్గర ఆకలికి ఆగలేక ప్లేట్ల కొద్దీ పునుగులు తిని, మంగళవారం మళ్ళీ ఉపవాసం, బుధవారం మళ్ళీ బండి. చివరికి డైటే వదిలేసింది. ఆ అమ్మాయిని కుంగదీసింది తిండి కాదు, ఆ నీటి అంకె. అందుకే అందరికీ చెప్తుంటాను, సోమవారం, మంగళవారం అసలు మెషిన్ ఎక్కకండి, ఎక్కితే మాత్రం ఆ అంకెని పట్టించుకోకండి. నేను రోజూ పొద్దున్నే బాత్రూంకి వెళ్ళొచ్చాక చూసి రాసుకుంటా, వారానికి సగటు తీస్తా, ఈ వారం సగటుని పోయిన వారం సగటుతోనే పోల్చుతా. ఆడవాళ్ళకి ఇంకో మాట, నెలసరికి ముందు కూడా ఒంట్లో నీరు చేరుతుంది, కాబట్టి నెలసరి రోజుల లెక్కన ఈ నెల రెండో వారాన్ని పోయిన నెల రెండో వారంతో పోల్చుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది.

మరి మెటబాలిజం మేలుకోవడం సంగతి? కొంత నిజం ఉంది. తక్కువ తిన్నప్పుడు లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది, ఆకలి పెరుగుతుంది, పిండిపదార్థాలు ఎక్కువ తిన్నప్పుడు లెప్టిన్ మళ్ళీ లేస్తుంది. అయితే ఆ లేవడం కొద్దిసేపే, దానివల్ల అదనంగా ఖర్చయ్యే క్యాలరీలు 2,000 మిగులు ముందు ఏ మూలకీ రావు. మధ్యమధ్య విరామం ఇస్తే మంచిదనడానికి అందరూ చూపించే మటాడోర్ అధ్యయనం ఆస్ట్రేలియాలో జరిగింది, స్థూలకాయం ఉన్న మగవాళ్ళ మీద. రెండు వారాలు డైట్, రెండు వారాలు విరామం ఇచ్చినవాళ్ళు ఆపకుండా డైట్ చేసినవాళ్ళకన్నా ఎక్కువ తగ్గారు. కానీ ఆ విరామంలో వాళ్ళు విందులు తినలేదు, బరువు పెరగకుండా తరగకుండా ఉండేంత మాత్రమే కొలిచి తిన్నారు. దీన్ని ఆదివారం విందుకి సాక్ష్యంగా చూపించడం అన్యాయం.

ఆదివారాన్ని నేను తీసేయలేదు, తీసేయమని ఎవరికీ చెప్పను కూడా. నాలుగు పూటల్లో ఒక్క పూట ఉంచుకున్నాను. ఏ పూట అన్నది ఆలోచించనక్కర్లేదు, అత్తమ్మ బిర్యానీ. పొద్దున మామూలుగానే గుడ్లు, పెసరట్టు. బిర్యానీ కోసమని పొద్దున కడుపు మాడ్చుకోవడం మాత్రం వద్దు, అలా మాడ్చుకున్న రోజు ఎవరైనా రెండింతలు తింటారు. మధ్యాహ్నం ఒక్క ప్లేటు నిండుగా, ముక్కలు ఎక్కువ వేసుకుని, పెరుగు చట్నీ, ఉల్లిపాయ, నిమ్మకాయతో, నిదానంగా. కూల్‌డ్రింక్ మానేశాను, దాని మీద నాకు ప్రేమ ఎప్పుడూ లేదు, ఎదురుగా ఉంటే తాగేదాన్ని అంతే. డబుల్ కా మీఠా రెండు చెంచాలు. సాయంత్రం బజ్జీల బదులు మా ఆయనా నేనూ చెరువు గట్టు దాకా నడిచి వస్తాం. రాత్రికి మజ్జిగ, ఏదో ఒక పండు. మిగిలిన బిర్యానీని ఆడపడుచు డబ్బాలో కట్టి పంపిస్తున్నాం, ఫ్రిజ్‌లో ఉంటే అది నన్ను పిలుస్తూనే ఉంటుంది.

మొదట అత్తమ్మ ఒప్పుకోలేదు. "వారానికి ఒక్కనాడే గదా, కడుపునిండ తిను" అని మారు వడ్డించబోయేది. "కడుపు నిండిందత్తమ్మా, నాన్న కాలు నాకు యాదికొస్తది" అన్నాను. మళ్ళీ బలవంతపెట్టలేదు. ఇప్పుడు ఉల్లిపాయలు వేయించిన నూనె ఆమే వార్చి పక్కన పెడుతోంది.

ఇలా చేస్తే ఆదివారం మిగులు 300 దాటడం లేదు, వారం లోటు 2,400, అంటే 300 గ్రాముల పైచిలుకు. చూడ్డానికి చిన్న అంకె, ముందున్న 90తో పోలిస్తే మూడింతలకి పైనే. తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా వారానికి అర కిలో చొప్పున తగ్గితే క్షేమం అనే ఉంది, నెలకి పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనల జోలికి పోకండి.

హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకి అసలు చిక్కు ఆదివారం కాదు, వారం మధ్యలో వచ్చేవి. రంజాన్ నెలలో ఎటు చూసినా హలీం బట్టీలే, ఆషాఢం బోనాలకి ఇంటింటా మటన్, వినాయక చవితికి లడ్డూలు, పెళ్ళిళ్ళ సీజన్ అయితే వారానికి రెండు పిలుపులు. పేరుకి వారానికొకటే కానీ లెక్కేస్తే మూడు తేలతాయి. నేనేం చేస్తానంటే, గురువారం పెళ్ళి ఉంటే ఆ వారం పూట అదే, ఆదివారం అందరితో కూర్చుని చికెన్, పెరుగు చట్నీ తిని రెండు గరిటెల బిర్యానీతో సరిపెట్టుకుంటా. హలీంలో గోధుమ, పప్పు, మాంసం ఉంటాయి కాబట్టి ప్రోటీన్ బాగానే వస్తుంది, కానీ నెయ్యి తక్కువేమీ ఉండదు, ఒక చిన్న గిన్నె మేమిద్దరం పంచుకుంటాం.

షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు నన్ను చూసి వారానికో విందు పెట్టుకోకండి, డాక్టర్ని అడగాల్సిందే. అలాగే తినడం మొదలుపెడితే ఆపలేని ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఈ పద్ధతి మేలు కన్నా కీడే చేస్తుంది. అలాంటివాళ్ళు రోజూ ఇష్టమైనది కాస్త తినడం మంచిది.

ఇప్పుడు నా వారం సగటు 67కి కాస్త పైన ఉంది, డాక్టరు చెప్పిన 7 శాతం దాటేశాను. మొన్నటి హెచ్‌బీఏ1సీ 5.8, ఇంకా గీతకి అవతలే. సంక్రాంతికి అత్తమ్మ సకినాలు, అరిసెలు చేస్తుంది. అప్పుడు రెండు వారాలు లోటు పెట్టకుండా, బరువు నిలబడేంత మాత్రం తిందామని అనుకుంటున్నా, ఆ తర్వాత మళ్ళీ 1,500కి వచ్చి, మార్చిలో టెస్టు చేయించుకుంటా.