అంచు మీద నొక్కు

"అంచు చూడు" అంటూ ఖాళీ తూటాని నా అరచేతిలో పెట్టాడు పక్కింటి పెద్దాయన. ఇత్తడి అంచు మీద గోటితో గిచ్చినంత నొక్కు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

ఇక్కడ టెక్సస్‌లో గరాజే ఆయన వర్క్‌షాప్. పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ని పాయింట్ 22 అనే చిన్న తూటాకి మారుస్తున్నాడు. దాని అసలు తూటా త్రీ నాట్ త్రీకైతే, పేల్చే పిన్ను తూటా అడుగున సరిగ్గా మధ్యలో కొట్టాలి. 22కి మంటపుట్టే మందు అంచు లోపలే ఉంటుంది, దెబ్బ అక్కడే పడాలి. ఆ కాస్త తేడా కోసం, తూటా వెనక మూసే కడ్డీ, అదే బోల్టు, దాని తల మార్చాలి. ఎంత ఓపికో!

ఒకప్పుడు బ్రిటిష్ సైన్యమూ శిక్షణ కోసం ఇవే రైఫిళ్లను ఇలా మార్చుకుంది. పాత గొట్టాన్ని తొలిచి, లోపల సన్న గొట్టం బిగించేవారట. తుపాకీ తీరు అదే, తూటా మాత్రం చవక. భుజానికి దెబ్బా ఉండదు.

వింటుంటే ఎన్‌సీసీ రోజులు గుర్తొచ్చాయి. క్యాంపులో బోర్లా పడుకుని మేం పేల్చిందీ 22నే. మొదటి తూటాకే భయం పోయింది. కొత్తవాళ్ల చేతికి 22 ఇవ్వడం చాలా మంచి పద్ధతని నాకు గట్టి నమ్మకం.

శనివారం రేంజ్‌కి రమ్మన్నాడు. మా అమ్మాయి కూడా వస్తానంటోంది.