సోలార్ ప్యానెళ్లను రోడ్డు మీద పరచకండి, రోడ్డు పైకి ఎత్తండి

మా ఫ్యామిలీ గ్రూపులో ఆ సోలార్ రోడ్డు వీడియో మళ్లీ వచ్చింది. ఆరు భుజాల గాజు పలకలు, వాటి మీద నడిచే కార్లు, చీకటి పడగానే వాటంతట అవే వెలిగే రోడ్డు గీతలు, పడిన మంచు పడినట్టే కరిగిపోవడం. ఎప్పుడో 2014 నాటి సంగతి అది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో స్కాట్, జూలీ బ్రూసా అనే దంపతులు ఈ ఆలోచనతో ఇండీగోగో అనే చందాల వెబ్‌సైటులో డబ్బు అడిగితే 22 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. వీడియో కింద మా బాబాయి ప్రశ్న: "మన హైవేలన్నీ ఇలా వేసేస్తే కరెంటు కొరతే ఉండదు కదరా, మనవాళ్లు ఎందుకు చెయ్యరు?" నేను డాబాల మీద సోలార్ డిజైన్ చేసే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటివి తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాయి. గ్రూపులో నాలుగు లైన్లలో చెప్పే విషయం కాదని ఇక్కడ రాస్తున్నాను.

ఊహించి చెప్పాల్సిన పనేమీ లేదు, ఎందుకంటే ఫ్రాన్స్ వాళ్లు నిజంగానే వేసి చూశారు. నార్మండీలో టూరూవ్ర్ అనే చిన్న ఊరి దగ్గర ఒక కిలోమీటరు రోడ్డు మీద 2,800 చదరపు మీటర్ల ప్యానెళ్లు అతికించి, 2016 డిసెంబర్‌లో అప్పటి పర్యావరణ మంత్రి సెగొలెన్ రొయాల్ చేత ప్రారంభం చేయించారు. తయారు చేసింది అల్లాటప్పా కంపెనీ కూడా కాదు, కొలాస్ అని రోడ్ల పనిలో పెద్ద పేరున్న సంస్థ. ఖర్చు 50 లక్షల యూరోలు, అంటే అప్పటి లెక్కన మన డబ్బులో సుమారు 35 కోట్లు. ఐదు వేల జనాభా ఉన్న ఊరికి వీధి దీపాలు వెలిగించేంత కరెంటు వస్తుందన్నారు, ఐదేళ్లలో ఇలాంటివి వెయ్యి కిలోమీటర్లు వేస్తామని కూడా ఆ మంత్రి అంతకుముందే ప్రకటించి ఉన్నారు.

ఏడాదికి లక్షా యాభై వేల యూనిట్లు వస్తాయని పెట్టుకున్న లెక్క 2018 వచ్చేసరికి దాదాపు సగానికి పడిపోయింది. 2019లో జూలై దాకా చూస్తే 40 వేల యూనిట్లు కూడా రాలేదు. ఈలోగా ట్రాక్టర్లు తిరిగి ప్యానెళ్ల అంచులు లేచిపోయాయి, చెట్ల ఆకులు రాలి వాటి మీదే నలిగిపోయాయి. పైన వేసిన రెసిన్ పొర మీద బండ్లు వెళ్తుంటే వచ్చే మోత భరించలేమని చుట్టుపక్కల వాళ్లు గోల పెడితే వేగం గంటకు 70 కిలోమీటర్లకు తగ్గించాల్సి వచ్చింది. బాగుచేయడానికి వీలుకాక ఒక వంద మీటర్ల ముక్కని 2018లో పీకేశారు కూడా. చివరికి ఇది పెద్ద రోడ్లకు ఇంకా పనికిరాదని కంపెనీయే ఒప్పుకుంది.

ఆ లక్షా యాభై వేల యూనిట్లు ఎంతో చూడండి. అనుకున్నది అనుకున్నట్టు వచ్చి ఉన్నా, హైదరాబాద్‌లో అంత కరెంటు తీయడానికి వంద కిలోవాట్ల సిస్టమ్ చాలు. అంటే ఒక పెద్ద ఫంక్షన్ హాలు పైకప్పు. అది కోటి రూపాయల లోపే అయిపోతుంది. నార్మండీలో మన ఎండ ఉండదు కాబట్టి అక్కడ నూట యాభై కిలోవాట్లు వెయ్యాలనుకుందాం. ప్రయోగం అన్నాక ఖర్చు ఎక్కువవుతుంది, అదీ లెక్కలోకి తీసుకుందాం. అన్నీ తీసేసినా 35 కోట్లకీ దానికీ పొంతన కుదరదు.

ఎందుకు ఇంత తక్కువ వచ్చింది అంటే, ప్యానెల్‌కి ఏమేం కావాలో రోడ్డు మీద అవేవీ ఉండవు. మొదటిది వాలు. మన దగ్గర పదిహేను, ఇరవై డిగ్రీల వాలుతో దక్షిణం వైపు తిప్పి పెడతాం. భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ ఈ వాలు ఇంకా పెరగాలి, నార్మండీలో అయితే సూర్యుడు చలికాలమంతా కింద కిందనే ఉంటాడు. అక్కడ ప్యానెల్‌ని నేలకు పరిచేస్తే వచ్చే ఎండలో మంచి భాగం ఊరికే పోతుంది. వాలు లేకపోతే వాన నీళ్లు దుమ్ముని కడిగే అవకాశం కూడా తగ్గుతుంది. ఇక రోడ్డు దుమ్ము గురించి వేరే చెప్పాలా, టైరు రబ్బరు, బురద, నూనె చుక్కలు అన్నీ ప్యానెల్ మీదే. మా కస్టమర్లకు నెలకు రెండుసార్లయినా నీళ్లతో కడగండి అని పోరి పోరి చెప్తాం. హైవేని ఎవరు కడుగుతారు, ట్రాఫిక్ ఆపి?

తర్వాత వేడి. చాలామంది ఎండ మండిపోతే కరెంటు ఎక్కువ వస్తుందనుకుంటారు. వెలుతురు కావాలి గానీ వేడి వద్దు. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర లెక్క, అక్కడి నుంచి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ వెయ్యికి మూడు, నాలుగు వంతుల చొప్పున దిగుబడి తగ్గుతూ పోతుంది. అందుకే డాబా మీద స్టాండు ఎత్తు పెట్టి కింద గాలి ఆడేలా చూస్తాం. రోడ్డుకి అతుక్కున్న ప్యానెల్ కింద గాలి ఎక్కడిది? మే నెలలో రామగుండం వైపు మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద చెప్పులు లేకుండా కాలు పెట్టగలమేమో ఆలోచించండి.

నీడ సంగతి ఇంకా ఘోరం. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ సీరియల్ సెట్ బల్బుల్లా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి, ఒక్కదాని మీద నీడ పడితే మిగతావాటి కరెంటు కూడా ఆ సన్నని దారిలోనే పోవాలి. బైపాస్ డయోడ్లు ఉంటాయి, అవి ఆ భాగాన్ని మొత్తం పక్కన పెట్టేసి మిగతాది నడిపిస్తాయి, అంటే చారెడు నీడకి మూడో వంతు ప్యానెల్ పోయినట్టు. డాబా మీద వాటర్ ట్యాంకు నీడ సాయంత్రం ఎటు పడుతుందో చూసుకోవడానికే మేం గంటలు గంటలు కూర్చుంటాం. రోడ్డు మీదేమో నీడే ప్రయాణం చేస్తూ ఉంటుంది. ట్రాఫిక్ జామ్ అయితే ఇక పూర్తిగా కప్పేసినట్టే.

ఇదంతా కరెంటు వైపు నుంచి. రోడ్డు వైపు నుంచి చూస్తే ఇంకో కథ. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయిలో రోడ్ల మీద లారీలు నెలల తరబడి తిప్పి ఒక పెద్ద పరీక్ష చేశారు. అందులో తేలిందేంటంటే, ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం సుమారు పదహారు రెట్లవుతుంది, పది రెట్లయితే పదివేల రెట్లు. మన ఇసుక టిప్పర్లు ఓవర్‌లోడ్‌తో తిరిగే రోడ్ల మీద ఏం జరుగుతుందో అందరం చూస్తున్నదే. తారు రోడ్డు కొంచెం వంగి మళ్లీ సర్దుకుంటుంది, గుంత పడితే ఒక ట్రాక్టరు కంకర, ఒక డ్రమ్ము తారుతో ప్యాచ్ వేసేస్తారు. లోపల వైర్లు, సెల్స్ ఉన్న పలక అలా వంగితే సెల్ చిట్లుతుంది, ఆ పగులు పైకి కనపడదు కూడా. అది మార్చడానికి కంకర పనివాడు చాలడు, ఎలక్ట్రీషియన్ కావాలి. ఇక మంచినీళ్ల పైపుకో, కేబుల్‌కో రోడ్డు తవ్వకుండా మన ఊళ్లలో ఒక ఏడాది గడుస్తుందా? టైర్లు జారకుండా పైన గరుకు ఉండాలి, వెలుతురు లోపలికి దిగడానికి నున్నగా ఉండాలి. ఈ రెండూ ఒకే గాజు మీద కుదర్చాలంటే రెండింట్లోనూ సగమే దక్కుతుంది.

బరువు తక్కువ ఉన్నచోట కాస్త నయంగా పనిచేసింది, అది కూడా చెప్పాలి. నెదర్లాండ్స్‌లో క్రొమ్మెనీ అనే చోట 2014లో 70 మీటర్ల సైకిల్ దారి ఇలా వేశారు, మొదటి ఏడాది చదరపు మీటరుకు 70 యూనిట్ల దాకా వచ్చాయి. టూరూవ్ర్‌లో 2018లో వచ్చింది చదరపు మీటరుకు 30 కన్నా తక్కువ. కానీ పోల్చుకోవాలంటే, ఇప్పుడు మేం వేసే ప్యానెల్ హైదరాబాద్ డాబా మీద చదరపు మీటరుకు రెండు వందల యాభై యూనిట్లు దాటిపోతుంది. చైనాలో జినాన్ నగరం దగ్గర 2017 డిసెంబర్‌లో ఏకంగా ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక కిలోమీటరు వేస్తే వారం తిరక్కుండానే దొంగలు ఒక ముక్క కోసుకుపోయారు.

అసలు ఈ ఆలోచన మొదలయ్యేది ఎక్కడంటే, "రోడ్లు అంత జాగా ఆక్రమించి ఊరికే పడి ఉన్నాయి కదా" అన్న చోట. జాగా కొరత మనకి ఇంకా రాలేదు. నేను తిరిగే కాలనీల్లో పదిళ్లకు ఒక ఇంటి మీద కూడా ప్యానెళ్లు కనపడవు. స్కూళ్లు, గోడౌన్లు, ఆర్టీసీ డిపోలు, మార్కెట్ యార్డులు ఎండలో మాడుతున్నాయి. వాటన్నిటినీ వదిలేసి బండ్లు తొక్కే చోటే పెడతామంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అలాంటివి పాడైనప్పుడల్లా "సోలార్ అంటే ఇంతే" అనే మాట మా మీదికి వస్తుంది.

రోడ్డునీ సోలార్‌నీ కలపాలనే ఉంటే పైన కలపండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబర్‌లో తెరిచారు. దాని కప్పు మొత్తం 16 మెగావాట్ల సోలార్. దక్షిణ కొరియాలో హైవే మధ్యన వేసిన ఇలాంటి దారిని చూసి మొదలుపెట్టారు. గుజరాత్ వాళ్లు 2012లోనే మెహసానా జిల్లాలో నర్మద కాలువ మీద 750 మీటర్లు కప్పి ఒక మెగావాట్ తీశారు, నీళ్లు ఆవిరి కావడమూ తగ్గింది. ఇనుప స్తంభాలకీ దూలాలకీ ఖర్చు ఎక్కువే, నేల మీద వేసేదానికన్నా బాగా ఎక్కువ, దాచాల్సిన పని లేదు. కానీ ప్యానెల్ మామూలు ప్యానెలే, వాలు ఉంటుంది, గాలి ఆడుతుంది, ఒకటి పాడైతే నాలుగు బోల్టులు విప్పి మార్చుకుంటాం, కింద వెళ్లేవాడికి నీడ.

అదే ఫ్రాన్స్ 2023లో ఒక చట్టం చేసింది: 1,500 చదరపు మీటర్లు దాటిన పార్కింగ్ స్థలాల్లో కనీసం సగం మీద సోలార్ కప్పు వెయ్యాలని. మనకి ఇది అచ్చంగా సరిపోతుంది బాబాయ్. ఒక కారు నిలబడే జాగా మీద రెండున్నర కిలోవాట్ల ప్యానెళ్లు పడతాయి, రోజుకి పది యూనిట్లు వస్తాయి, ఒక మామూలు ఎలక్ట్రిక్ కారు వాటితో అరవై కిలోమీటర్లు పోతుంది. మీ ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లి రావడానికి అది చాలు, పైగా సాయంత్రం తలుపు తీస్తే సీటు కాలిపోకుండా ఉంటుంది.