అంబోసెలికి ముందు నారాయణగూడ

మాకు మొదట వచ్చిన కెన్యా సఫారీ ప్యాకేజీలో వారం రోజుల్లో నాలుగు చోట్లున్నాయి: మసాయి మారా, నకురు, నైవాషా, అంబోసెలి. కాగితం మీద బాగానే ఉంది. కెన్యా మ్యాపు తెరిచి చూస్తే మారా నైరోబికి పడమటి వైపు, అంబోసెలి దక్షిణాన టాంజానియా సరిహద్దు పక్కన. ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్ళడానికే పగళ్ళు ఖర్చయిపోతాయి. "అంత దూరం పోయి రోడ్డు చూడ్డానికైతే మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చాలదూ?" అంది అక్క. తనకి నడుంనొప్పి. ఆ మాటతో నాలుగు ఒకటయ్యాయి. నాకు ఏనుగులంటే ఇష్టం కాబట్టి ఆ ఒక్కటీ అంబోసెలి అయింది.

బావగారు వెంటనే ఒప్పుకోలేదు. ఆయన దగ్గర బిగ్ ఫైవ్ లిస్టుంది: సింహం, చిరుతపులి, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం. నిజానికి అది తుపాకీ వేటగాళ్ళు పెట్టుకున్న లిస్టు. కాలినడకన వేటాడితే ఏవి ప్రాణాల మీదికి తెస్తాయో వాటిని ఏరి పెట్టుకున్నారు. ఫోన్ కెమెరా పట్టుకుని వెళ్ళే మనకి దానితో ఏం పనో నాకర్థం కాదు. జిరాఫీ కూడా లేని లిస్టు అది! అయినా అంబోసెలిలో ఖడ్గమృగాలు లేవని తెలిసి ఆయన ముఖం చిన్నబోయింది. అందుకని తిరుగు ప్రయాణం రోజున నైరోబి నేషనల్ పార్కు కలిపాం. 1946లో ఏర్పడిన ఆ పార్కు రాజధానిని ఆనుకునే ఉంది, అక్కడ ఖడ్గమృగాలున్నాయి.

ఎప్పుడు వెళ్ళాలన్నది ఇంకో పంచాయితీ. మన పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్, మేలో వస్తాయి. అక్కడ మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. ఆ నెలల్లో లాడ్జీలు చవకగా దొరుకుతాయి గానీ మట్టిరోడ్లు బురదవుతాయి, గడ్డి ఏపుగా పెరిగి జంతువులు కనిపించవు, జంతువులు కూడా చుట్టుపక్కలకి చెదిరిపోతాయి. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఎండాకాలం లెక్క. నీళ్ళున్న చోటికే అన్నీ చేరతాయి. మాకు దసరా సెలవులు సరిగ్గా కుదిరాయి.

ఇక టీకా. దీని గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే చాలామంది టికెట్లు కొన్నాక వింటారు. ఇండియా నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళని ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే జ్వరం) టీకా కార్డు అడిగేది కెన్యా కాదు, తిరిగొచ్చేటప్పుడు మన దేశమే. ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి కార్డు లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, కాబట్టి ఆఖరి వారంలో పరుగెత్తి లాభం లేదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుందని 2016లో నిబంధన మారింది. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. మామూలు క్లినిక్ సర్టిఫికెట్లు పనికిరావు, గుర్తింపు ఉన్న కేంద్రంలోనే వేయించుకోవాలి. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే కార్డులోనూ అలాగే ఉండాలి. మన పేర్ల సంగతి తెలిసిందే కదా, పొడి అక్షరాలు కొన్ని, పూర్తి పేర్లు కొన్ని. బావగారికి 60 దాటాయి. ఆ వయసులో ఈ టీకాతో దుష్ప్రభావాల ముప్పు కొంచెం ఎక్కువ కాబట్టి ముందు ఆయన డాక్టర్‌ని అడిగాం. మలేరియా మాత్రల సంగతి కూడా అప్పుడే తేల్చుకున్నాం.

వీసా టెన్షన్ లేదు. 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. ప్లాస్టిక్ కవర్లు పెట్టెలోంచి తీసేయండి, 2017 నుంచి అక్కడ నిషేధం. పార్కుల్లోకి వాడి పారేసే ప్లాస్టిక్ వాటర్ బాటిళ్ళు కూడా పనికిరావు, స్టీలు సీసాలు పట్టుకెళ్ళాం. బేరం ఆడాల్సింది బండి దగ్గర: పైకప్పు లేచే ల్యాండ్ క్రూజరే కావాలని, ఒక్కొక్కరికీ కిటికీ సీటు ఉండాలని ముందే రాయించుకోండి.

నైరోబి నుంచి మొంబాసా హైవే మీద లారీల వెనకాల సాగి, ఎమాలి దగ్గర దక్షిణానికి తిరిగాం. దారిలో టీ కొట్లో చపాతీలు దొరికాయి. కెన్యాలో చపాతీ రోజువారీ తిండే కాబట్టి అక్క బ్యాగులోని పులిహోర పొడి అలాగే మిగిలిపోయింది.

అంబోసెలి చూస్తే మొదట ఎండిన చెరువే. తెల్లటి బూడిద లాంటి మట్టి, దాని మీద సుడిగాలులు. మధ్యలో పచ్చటి బురదనేల. కిలిమంజారో మీద కురిసిన వాన, కరిగిన మంచు అగ్నిపర్వతపు రాళ్ళలోంచి ఇంకి, ఇక్కడ ఊటలై పైకొస్తాయి. 5,895 మీటర్ల ఆ కొండ ఉన్నది టాంజానియాలో, ఏనుగులు తాగేది కెన్యాలో. కొండ తెల్లవారుజామున స్పష్టంగా కనిపించి, ఎండ ముదిరేసరికి మబ్బుల్లో దాక్కుంటుంది. అందుకే ఆరింటికే బయల్దేరమనేవారు మా డ్రైవర్.

పొద్దున ఏనుగులు పార్కు బయటి నుంచి ఈ బురదలోకి వస్తాయి, సాయంత్రం తిరిగి వెళ్తాయి. ఒక గుంపు దారికడ్డంగా వస్తుంటే ఆయన ఇంజన్ ఆపేశారు. అంత పెద్ద కాళ్ళు నేల మీద పడుతున్నా చప్పుడు లేదు, చెవులు ఊపుతున్న శబ్దమే. ఒక ఆడ ఏనుగు బండికి బాగా దగ్గరగా ఆగి, గడ్డికుదురుని తొండంతో చుట్టి పట్టింది. ముందుకాలి గోళ్ళతో దాని మొదలు దగ్గర తన్ని పెరికింది. కాలికేసి కొట్టి మట్టి దులిపాకే నోట్లో పెట్టుకుంది. "తోటకూర తెస్తే నేనూ ఇంతే" అంది అక్క. పక్కనున్న గున్నకి అంత పనితనం ఇంకా రాలేదు. దాని తొండంలోంచి గడ్డి జారిపోతుంటే విసుగొచ్చి, తల్లి నోట్లోంచే లాక్కుంది.

ఈ ఏనుగులకి పేర్లున్నాయి. సింథియా మాస్ 1972లో ఇక్కడ పరిశోధన మొదలుపెట్టి, కుటుంబాలకి అక్షరాల గుర్తులిచ్చి, చెవి అంచుల చిరుగులని బట్టి ఒక్కో ఏనుగునీ గుర్తుపట్టే పద్ధతి పెట్టారు. మా డ్రైవర్ కూడా చెవులు చూసే చెప్పారు, ఈ గుంపుని ఇంతకుముందు చూశానని. హడావిడిగా నాలుగు చోట్లు తిరిగితే ఈ కబుర్లు వినే తీరికెక్కడిది? సింహాలూ కనిపించాయి, దూరంగా పడుకుని. వాటి చుట్టూ మూగిన బండ్లలో మేమూ కాసేపున్నాం, త్వరగానే వచ్చేశాం.

నైరోబి పార్కులో ఖడ్గమృగాలు దొరికాయి. రెండు, గడ్డి మేస్తూ. వాటి వెనక నగరపు భవనాలు, ఇంకోపక్క పార్కు మీదుగా స్తంభాలపై వేసిన రైలు వంతెన. బావగారు ఫొటోలో భవనాలు రాకుండా చాలా తంటాలు పడ్డారు. నాకు అవి ఉన్న ఫొటోలే నచ్చాయి. చిరుతపులి మాత్రం కనబడలేదు. దానికోసం మారా వెళ్ళాల్సిందని ఆయన, నల్లమల పోతే సరిపోతుందని అక్క, ముంబై విమానం ఎక్కేదాకా వాదించుకుంటూనే ఉన్నారు.