అమ్మానాయినలతో కొరియన్ పీతల పులుసు

నిన్న రాత్రి హైదరాబాద్‌లో అమ్మానాయినలను కొరియన్ సీఫుడ్ తినడానికి తీసుకెళ్లాను. మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా ఇంట్లో చేప అంటే సాగర్ నుంచి వచ్చే బొచ్చె, రవ్వ, చుట్టాలొస్తే కొర్రమీను. సముద్రం రుచి నాయినకు తెలియదు.

టేబుల్ మీదే స్టవ్ పెట్టి హేముల్‌తాంగ్ అనే కొరియన్ సీఫుడ్ పులుసు మరిగించారు. పీత, రొయ్యలు, స్క్విడ్, ఆల్చిప్పలు. ఎర్రటి పులుసు తెర్లుతుంటే ఆల్చిప్పలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. అమ్మ చెంచా పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. "చింతపండు లేకుండ పులుసేంది బిడ్డా?" అంది. కారం మాత్రం తెగ నచ్చింది. కూరతో పాటు కిమ్చి (కారం వేసి ఊరబెట్టిన క్యాబేజీ), సోయా మొలకలు చిన్న గిన్నెల్లో పెడతారు, వాటిని బాంచన్ అంటారు. అయిపోతే మళ్లీ నింపుతారు. అమ్మ కిమ్చి మూడుసార్లు అడిగింది.

కొరియాలో పెద్దవాళ్లు చెంచా పట్టేదాకా చిన్నవాళ్లు తినరని చెప్పాను. నాయిన చెంచా పట్టలేదు. పీత కాలు విరిచి, లోపలి కండ తీసి, ముందు అమ్మ గిన్నెలో, తర్వాత నా గిన్నెలో వేశాడు. చిన్నప్పటి నుంచి నాకు చేప ముళ్లు ఏరి పెట్టిన వేళ్లవి. గొంతు పట్టేసింది, కాసేపు మాట రాలేదు.

పొద్దున బస్సెక్కేటప్పుడు అమ్మ సంచిలో కిమ్చి డబ్బా ఉంది. జొన్నరొట్టెలోకట.