అన్నం తక్కువ, కూర ఎక్కువ: డెల్టా వంటింట్లో పీసీఓఎస్

మా గోదావరి డెల్టా వంటల్లో పిండిపదార్థం తక్కువగా ఉండేవాటికి కొదవ లేదు. చేపల పులుసు, రొయ్యల ఇగురు, పనసపొట్టు కూర, అరటిపువ్వు కూర, తోటకూర, కోడిగుడ్డు, చిక్కటి మజ్జిగ, ఇవన్నీ మనకు అలవాటైన రుచులే. కాకపోతే వాటిని అన్నంలో కలుపుకోవడానికే వండుకుంటాం తప్ప, వాటితోనే కడుపు నింపుకోవచ్చునని అనుకోము. నాకు పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనే హార్మోన్ల సమస్య) ఉన్నదని తేలి, అన్నం బాగా తగ్గించమని డాక్టరు గారు చెప్పిన తరువాత నేను చేసిన ప్రధానమైన మార్పు ఆ పాళ్ళను తిరగవేయడమే: కంచంలో సగం కూర, పావు వంతు చేపో గుడ్డో, మిగిలిన కాస్త చోటులో అన్నం.

నెలసరి రెండు మూడు నెలలకొకసారి రావడం, గడ్డం కింద ముదురు వెంట్రుకలు మొలవడం, మెడ వెనుక చర్మం నల్లబడి మందంగా మారడం నన్ను ఆసుపత్రికి నడిపించాయి. చాలామంది స్కానింగు రిపోర్టు ఒక్కటే చూసి బెంబేలెత్తిపోతారు. నిజానికి 2003 నుంచి వైద్యులు అనుసరిస్తున్న రాటర్‌డ్యామ్ ప్రమాణాల ప్రకారం అండం విడుదల సక్రమంగా లేకపోవడం, పురుష హార్మోన్లు ఎక్కువగా ఉండడం, అండాశయాల్లో ఎదుగుదల ఆగిన ఫాలికల్స్ (అండాలుండే చిన్న తిత్తులు) ఎక్కువగా కనిపించడం అనే మూడింటిలో రెండైనా ఉంటేనే పీసీఓఎస్ అంటారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లలో తేడాల వంటి ఇతర కారణాలు లేవని కూడా పరీక్షించి చూడాలి. పిల్లలను కనే వయసులోని స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఈ సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

హార్మోన్ల జబ్బుకూ అన్నానికీ సంబంధమేమిటని మా ఇంట్లో అందరూ అడిగారు. ఈ సమస్య ఉన్నవారిలో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయదు కనుక, రక్తంలోని చక్కెరను అదుపు చేయడానికి శరీరం మరింత ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. అలా పెరిగిన ఇన్సులిన్ ఒకవైపు అండాశయాలను పురుష హార్మోన్లు ఎక్కువగా తయారుచేసేలా పురిగొల్పుతుంది. మరొకవైపు ఆ హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేసేలా చేస్తుంది. వండిన తెల్లన్నం 100 గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మా వైపు కంచంలో తొలి వడ్డన ఎంతో, పప్పు అయ్యాక పులుసుకు, చివర పెరుగుకు మళ్ళీ ఎంత పెట్టించుకుంటామో ఎవరికి వారు ఒకసారి తూచి చూసుకుంటే ఇక వేరే వివరణ అక్కరలేదు.

మా పొలంలో పండేది స్వర్ణ, అంటే మార్టేరు పరిశోధన కేంద్రం అందించిన ఎంటీయూ 7029. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువేనని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2012లో ప్రకటించిన మాట వాస్తవమే, ఆ సంగతి తెలిసినప్పుడు మా మామగారి ముఖం వెలిగిపోయింది కూడా. అయితే ఆ సూచిక చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెబుతుంది. మూడుసార్లు వడ్డించుకున్న అన్నం మొత్తాన్ని అది తగ్గించదు.

మా అత్తయ్యగారిని ఒప్పించడం వంట మార్చడం కన్నా కష్టమైంది. "వరి పండించే ఇంట్లో అన్నం మానేయడమేమిటమ్మా, నీరసం రాదూ?" అని ఆవిడ రోజూ బాధపడేవారు. "మానలేదత్తయ్యా, చివర తింటాను" అని చెప్పడంతో తగాదా సగం తీరింది. అది నెపం కాదు. ముందు కూరా చేపా తిని ఆఖరున అన్నం తింటే చక్కెర కొంత నెమ్మదిగా పెరుగుతుంది. ఇప్పుడు ఆవిడే నా కోసం పనసపొట్టు ఎక్కువ వండుతున్నారు. పొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు పిండేసి, చింతపండు పులుసుతో పోపులో మగ్గించి, దించి కాస్త చల్లారాక మాత్రమే ఆవముద్ద కలుపుతారు. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. ఆ కూర ఒక గిన్నెడు, శీలావతి చేప ముక్కలు రెండు తింటే రాత్రి వరకు ఆకలి వేయదు. కందబచ్చలి మాత్రం నాకెంత ఇష్టమైనా కూరల లెక్కలో వేసుకోను, కంద దుంప కనుక దాన్ని అన్నం వాటాలోనే లెక్కిస్తాను.

ఉదయం పలహారం ఇంతకన్నా చిక్కు. ఇడ్లీలో, దిబ్బరొట్టెలో మినుము కన్నా బియ్యపు రవ్వే ఎక్కువ. పెసరట్టు మెరుగే గానీ, లోపల ఉప్మా పెడితే చేసిన మేలంతా పోతుంది. ఒక పెసరట్టూ, రెండు గుడ్లూ నాకు సరిపోతున్నాయి. ఆత్రేయపురం పూతరేకులు ఇంటికి వస్తే భోజనం చివర ఒకటి తింటాను. అందులో రేకు పలుచనే, బరువంతా చక్కెరదీ బెల్లానిదీ.

రాత్రి భోజనం కాగానే కాలువ గట్టు మీద నడుస్తాను. నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే చక్కెరను వాడుకుంటాయి. వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం, దానితోపాటు కండరాలకు బలాన్నిచ్చే కసరత్తులు అవసరమని పీసీఓఎస్‌పై 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫలానా ఆహార పద్ధతే అన్నిటికన్నా గొప్పదని అవి చెప్పలేదు, నేనూ చెప్పను. నాకు అన్నం తగ్గించడం కుదిరింది, నెలసరి క్రమంగా దారికి వచ్చింది, మెడ మీది నలుపు తగ్గింది. అవాంఛిత రోమాల విషయంలో మాత్రం ఆహారంతో వచ్చిన మార్పు స్వల్పమే, దానికి వైద్యం వేరుగా తీసుకుంటున్నాను.

ఇదంతా చదివి మందులు మానేయవద్దు. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే కొన్ని మాత్రలు గానీ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా పిండిపదార్థం తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే గర్భాశయపు లోపలి పొర మందమవుతుంది కనుక ఎదురుచూడకుండా చూపించుకోవాలి. ఇక బరువు కొంత తగ్గి అండం విడుదల మళ్ళీ మొదలైతే, నెలసరి ఇంకా సక్రమం కాకముందే గర్భం రావచ్చు. ఇప్పుడే పిల్లలు వద్దనుకునేవారు ఈ సంగతి డాక్టరు దగ్గర ముందుగానే మాట్లాడుకోవాలి.