కేపీ ఉల్లి ఓడెక్కే లెక్క

మా మైదుకూరు పక్క పండే కేపీ ఉల్లిని మా ఇంట్లో ఎవరూ కూరలో వేయరు. గోళీకాయంత గడ్డ, ఘాటు ఎక్కువ, పొట్టు తీసేసరికే విసుగొస్తుంది. కాగితాల్లో దీని పేరు కృష్ణాపురం ఉల్లి. శ్రీలంక, మలేసియా, సింగపూర్, థాయ్‌లాండ్ వాళ్లకు మాత్రం ఇదే కావాలి. నేను చెన్నై తంబుచెట్టి వీధిలో ఒక కస్టమ్స్ ఏజెంటు దగ్గర పనిచేస్తున్నా. కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్లు అనే ఎగుమతి కాగితం వేయించడం, సరుకుకు పురుగూ తెగులూ లేవనే ఫైటో సర్టిఫికెట్ తేవడం, హార్బర్ గేటు కాడ లారీ డ్రైవర్లతో తమిళంలో గొంతు చించుకోవడం, ఇదీ మన ఉద్యోగం.

మా చెల్లెలి కూతురు ఇక్కడే ఎకనామిక్స్ చదువుతోంది. "మామా, మీ ఉల్లికి కంపారిటివ్ అడ్వాంటేజ్ ఉందా లేదా?" అంది మొన్న. అంటే ఏందో నువ్వే చెప్పు పాపా అన్నా.

1817లో రికార్డో అనే ఇంగ్లండు ఆర్థికవేత్త వేసిన లెక్క చెప్పింది. కొంత బట్ట నేయడానికి ఇంగ్లండులో ఏడాదికి 100 మంది, కొంత వైన్ తీయడానికి 120 మంది కావాలి. అదే పోర్చుగల్‌లో బట్టకు 90, వైన్‌కు 80 చాలు. రెండింట్లోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా వైన్ చేసి అమ్మి, బట్ట కొనుక్కుంటేనే దానికి లాభం. ఎదుటోడికంటే చవగ్గా పండించడం ఒక్కటే కాదు, ఇది పండించడానికి ఏం వదులుకుంటున్నామన్నదీ చూడాలన్నమాట. ఇది మా బావకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద మడిలో పసుపు పెడితే ఎనిమిది తొమ్మిది నెలలు భూమి ఇరుక్కుపోతుంది. ఉల్లయితే నాలుగు నెలల్లో చేతికొస్తుంది.

బలాస్సా అనే ఆయన 1965లో ఇంకో కొలత పెట్టాడట. మన ఎగుమతుల్లో ఒక సరుకు వాటాను, ప్రపంచ ఎగుమతుల్లో ఆ సరుకు వాటాతో భాగిస్తే ఒకటి దాటాలి. దాటితే మనకు బలమున్నట్టు. బియ్యం సంగతి చూస్తే ప్రపంచ వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే, కాబట్టి ఒకటిని ఎప్పుడో దాటేసి ఉంటుంది. నాకది సగం లెక్కే అనిపిస్తుంది. మన రాష్ట్రంలో 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. తోడేసిన నీళ్ల ఖర్చు ధరలో కనపడదు, షిప్పింగ్ బిల్లులో బోరు లోతు రాసే గడి లేదు.

సరే, ఉల్లికొద్దాం. 2020 సెప్టెంబరు 14న కేంద్రం ఉల్లి ఎగుమతి ఆపేసింది. కర్ణాటకలో పండే బెంగళూరు రోజ్, మన కృష్ణాపురం రకాల పేర్లు కూడా ప్రత్యేకంగా రాసి మరీ ఆపింది. ధర మండుతున్నది నాసిక్ గడ్డకు, వాత పడింది ఊళ్లో ఎవరూ తినని గడ్డకు! అప్పుడు గేటు దాటని ఒక కంటైనర్ తెరిపించాం. కింది వరసలో సంచులు తడిసి నల్లబడ్డాయి, మీది సంచుల్లో ప్రతి గడ్డకూ బెత్తెడు పచ్చటి మొలక. కళ్లు మండి ఇవతలికొచ్చేశాం.

అక్టోబరు 9న రెండు రకాలకూ చెరో పదివేల టన్నులు వదిలారు. మార్చి 31 దాకా, చెన్నై రేవు నుంచి మాత్రమే. కేపీకి కడప ఉద్యానశాఖ సర్టిఫికెట్ కావాలన్నారు. మాకు పనే పని. కానీ కొలంబోలో కొనే ఆయన ఫోన్‌లో ధర అడగలేదు. "వచ్చే ఏడు కచ్చితంగా ఇస్తారా?" అనడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. భూమి, నీళ్లు, కూలీ అన్నీ కలిసొచ్చి మనకున్న బలం ఆ ఒక్క ప్రశ్న దగ్గర చిల్లు పడుతోంది. 2023 డిసెంబరులో మళ్లీ నిషేధం. 2024 మేలో ఎత్తేసినా 40 శాతం సుంకం వేశారు. ఆ నెలాఖరుకు సుంకం మినహాయింపు దొరికింది బెంగళూరు రోజ్‌కు. దానికి 2015 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది, దాని తరఫున మాట్లాడేవాళ్లూ ఎక్కువని నా అనుమానం.

ఇదంతా విని పాప, "అయితే అడ్వాంటేజ్ ఉంది, కాంపిటీటివ్‌నెస్ లేదు" అని నోట్సులో రాసుకుంది. పండించే బలముంది, బజారులో నిలబడే నమ్మకం లేదని. మార్కులు పడతాయేమో. నిన్న వాళ్ల నాన్న ఫోన్ చేసి, ఈ తూరి కేపీ పెట్టమంటావా బావా అన్నాడు. సగం మడిలో పెట్టు, మిగతా సగం పసుపుకు వదులు అన్నా.